ఆగుకుంట నడిచిన పంపు

రాయమల్లుకు మనుషులు పడరు. పడరంటే లొల్లి పెట్టుకుంటడని గాదు. ఇంటికి సుట్టాలొస్తే ఎనుక అర్రలకు పోయి కూసుంటడు. దావతుకు పిలిస్తే తిని, చెయ్యి కడుక్కొని, ఎవలకు చెప్పకుంట ఇంటి తొవ్వ పడుతడు. బొగ్గుబాయిల గూడ గంతే. పదిమందితోని కలిసి చేసే పని ఇస్తే మొఖం ముడుసుకున్నడు. పాత జాగల పంపు కాడ కూసుండే పని ఇస్తే మాత్రం, అగో, ఎవలన్న గుంజుకుంటరేమో అన్నట్టు ఎంటనే తల ఊపిండు.

ఆ బాయి శ్రీరాంపూర్ దిక్కు ఉన్నది, పాతది. దాంట్ల ఓ మూలకు బొగ్గంత తీసి ఇడిసిపెట్టిన జాగున్నది. ఆడ ఎప్పటికీ నీళ్లు ఊరుతయి. ఊరినయి ఊరినట్టు పైకి తోడిపొయ్యకుంటే, మనుషులు పనిచేసే దిక్కుకు పారుకుంటొస్తయి. పంపు నెత్తి మీదనే భూమికి ఓ బోరు తొలిసిన్రు. కరెంటు తీగ, నీళ్ల పైపు రెండూ ఆ బోరు గుండనే వస్తయి. పైన నీళ్లు పడేది బాయి కాడ గాదు, దూరంగ చెలుకల పక్కన ఓ కాలువల. దినాం మొదటి షిఫ్టుకు రాయమల్లు పోయి పంపును సూసుకుంటడు, అడ్డం పడ్డ చెత్త తీస్తడు, ఇగ కూసుంటడు. మిగిలిన యాళ్ల పంపు దానంతట అది నడుస్తనే ఉంటది. ఆడ అడిగేటోడు లేడు, చెప్పేటోడు లేడు. గట్లాంటి కొలువు దొరకడానికి పెట్టి పుట్టాలె అనుకునేటోడు.

బాయిల ఒక్కన్ని పంపద్దని కంపెనీ కాయిదా. అందుకే జోడికి దశరథాన్ని ఇచ్చిన్రు. దశరథం నస్పూర్ల వీళ్ల క్వార్టర్ల లైన్లనే ఉంటడు, రాయమల్లును మామ అని పిలుస్తడు. మాట్లాడకుంట గడియ సేపు కూసుంటే కడుపు ఉబ్బుతదేమో అన్నట్టుంటడు. పంపు కాడికి రాంగనే ఓ సుట్టు సూసి, మంది పనిచేసే దిక్కు ముచ్చట్లకు పోతడు. ఇద్దరికీ అదే సుకం.

బాయిలకు దిగేటప్పుడు ల్యాంపు రూము కాడ ఎవల ఇత్తడి బిళ్ల వాళ్లు మేకుకు తగిలియ్యాలె. పైకెక్కినంక తీసుకోవాలె. షిఫ్టు అయినంక మేకుకు బిళ్ల ఉన్నదంటే మనిషి ఇంక లోపల్నే ఉన్నడన్నట్టు. గప్పుడు ఎతుకుడు మొదలువెడతరు. రాయమల్లుకు షిఫ్టు ఇడిసినప్పటి ఆ గుంపు, ఆ దొబ్బుకునుడు అసలే గిట్టదు. మందంత పోయినంక నిమ్మలంగ ఎక్కుతడు. అందుకే ఏండ్ల సంది దశరథం తోని ఓ ఒప్పందం: ముందు ఎక్కే దశరథం ఇద్దరి బిళ్లలు తీస్తడు, మామది మామ ఇంటి కిటికిల పెట్టిపోతడు. కాయిదా ప్రకారం తప్పే. కని ఆడ తప్పని ఎవలనుకుంటరు? తోటోనికి చేసే చిన్న సాయం అనుకుంటరు.

ఓ శనారం సాయంత్రం రాయమల్లు పెండ్లాము నాగవ్వ చెల్లె, మరిది ఇంటికొచ్చిన్రు. వాళ్లు పొద్దుగూకే దాక కూసున్నరు, రాయమల్లు ఒక్క మాట మాట్లాడలే. చాయ తాగిన గిలాస గూడ ఎనుక అర్రలకే తెప్పిచ్చుకున్నడు. వాళ్లు పోయిన్రు. తెల్లారి, ఆదివారం పొద్దుగాల, సద్ది కట్టుకుంట నాగవ్వ అన్నది, "ఇంట్ల నువ్వున్నా లేకున్నా ఒక్కటే." గట్టిగ గూడ అనలే. ఉప్పు తక్కువైందన్నట్టు అన్నది.

పిల్లలు కాలేదు, ఇంట్ల ఉన్నది ఇద్దరే. గా మాట ఆయనకు ముల్లు లెక్క దిగింది. కోపం వస్తే ఆయన చేసేది ఒక్కటే: కాగజ్‌నగర్ల ఉండే చెల్లె అనసూర్య ఇంటికి పోయి రెండు మూడు దినాలు కూసోని వస్తడు. నాగవ్వకు గది అలవాటే. "లేకుంటనే ఉంట తీయి" అని, ఫోను మంచం మీద పారేసి, సద్ది పట్టుకొని బాయికి పోయిండు. గిట్ల అలిగి ఫోను ఇడిసిపోయిండంటే డ్యూటీ నుంచి అటే కాగజ్‌నగర్కే అని నాగవ్వ అనుకున్నది.

ఆదివారాన్ని బాయిల ప్లేడే అంటరు. బొగ్గు తీసుడు ఉండది, మరమ్మతులు చేసేటోళ్లు, పంపులోళ్లు గింత మంది దిగుతరు. బాయంత ఖాళీగ, సప్పుడు లేకుంట ఉంటది. రాయమల్లుకు మస్తు ఇష్టమైన దినం. సద్ది యాళ్ల కాకముందే దశరథం గోకుడు వెట్టిండు. బామ్మర్ది ఇంటికాడ యాటను కోసిన్రట, పోకుంటే పెండ్లాము ఊకోదట. పో అన్నడు రాయమల్లు. "నీ బిళ్ల షిఫ్టు ఇడిసే యాళ్లకు వచ్చి నేనే తీస్త మామా, నువ్వు బేఫికర్‌గ ఉండు" అని దశరథం పోయిండు. వాని టోపి లైటు మలుపు కాడ కనవడకుంట పోయేదాక సూసి, రాయమల్లు సద్ది మూట ఇప్పిండు.

రొట్టె సగం తిన్నడో లేదో, నెత్తి మీది కప్పు పలికింది. బాయిల పనిచేసినోళ్లకు ఆ సప్పుడు ఎరుక. ముందు చిటపటమంటది, తర్వాత కట్టె ఇరిగినట్టు ఓ సప్పుడు, గంతే. రాయమల్లు లేసి పంపు దిక్కు ఉరికిండు. ఎనుక ఏం కూలిందో సూడలే. గాలి వచ్చి ఈపు మీద తన్నింది, దుమ్ము ముక్కులకు నోట్లకు నిండింది, దగ్గి దగ్గి మోకాళ్ల మీద కూలవడ్డడు. దుమ్ము తేరుకున్నంక లైటు ఏసి సూస్తే తొవ్వ లేదు. తొవ్వ ఉన్న కాడ కింది నుంచి మీది దాక బండలు, బొగ్గు పెళ్లలు. పంపు ఉన్న పల్లం జాగ, దాని ముందటి ఎత్తు మీది తొవ్వ ముక్క, గంతే మిగిలింది ఆయనకు.

నిజం చెప్పాలంటే, ముందుగాల ఆయన అంత పరేషాన్ కాలే. కాలు చెయ్యి బాగనే ఉన్నయి. పంపు నడుస్తనే ఉన్నది. బండల సందుల నుంచి సన్నగ గాలి గూడ వస్తున్నది. షిఫ్టు అయినంక బిళ్ల సూస్తరు, ఎతుకుతరు, తీస్తరు. అనుభవమున్న మనిషి గదా. ఒంటి మీది దుమ్ము దులుపుకొని, ఎత్తు మీద కూసున్నడు.

కూసున్నంక గప్పుడు యాదికొచ్చింది. బిళ్ల. ఆయన బిళ్ల దశరథం తీస్తడు. దావతుల తాగి, షిఫ్టు ఇడిసే యాళ్లకు ఉరికొచ్చి, తను ముందే పోయిన సంగతి బయటవడొద్దని ఇద్దరివీ తీసి జేబుల ఏసుకుంటడు. ప్లేడే నాడు ల్యాంపులు ఎవలు సూస్తరు, బిళ్లలు సూసుడే. మేకు ఖాళీగ ఉంటది. మామ ఎప్పటి లెక్కనే మందంత పోయినంక ఎక్కుతడు అనుకొని వాడు ఇంటికి పోతడు. కంపెనీ దృష్టిల రాయమల్లు పైకెక్కిండు. నాగవ్వ దృష్టిల కాగజ్‌నగర్ పోయిండు. అనసూర్యకు అన్న వస్తున్నడనే తెల్వది.

రాయమల్లు లేసి బండల మీద పడ్డడు. చేతులతోని గుంజిండు, ఒక పెళ్ల తీస్తే రెండు జారినయి. ఒర్రిండు. గొంతు పోయేదాక ఒర్రిండు. ఓ రాయి తీసుకొని పైపును కొట్టిండు. పైపు మీదికి పోతది గదా, సప్పుడు గూడ పోతదని. పంపు గుర్రుగుర్రుల ఆ సప్పుడు తనకే సక్కగ ఇనవడలే. అయినా కొట్టిండు. చెయ్యి లేవకుంట అయ్యేదాక కొట్టి, కొట్టి, పైపునే పట్టుకొని ఏడ్సిండు.

దినమంత ఒక్కడు కూసోనికి ఆశపడే మనిషి ఎందుకు ఏడ్వాలె? అసలు ముచ్చట గక్కడే ఉన్నది. ఇన్నేండ్లు ఆయన ఒక్కడు కూసున్నడంటే, అవతల ఓ ఇల్లు ఉండె, ఇంట్ల ఓ మనిషి ఉండె, రాయమల్లు పంపు కాడున్నడని పదిమందికి ఎరుకుండె. అందరి ఎరుకల ఉండుకుంట ఒక్కడు ఉండుడు వేరు. గిప్పుడు ఈ భూమి మీద ఏ ఒక్కని ఎరుకల ఆయన ఈడ లేడు.

సచ్చుడుకు ఆయన భయపడలే. బాయిల పనిచేసేటోడు ఎన్నడో ఓనాడు గా ముచ్చట అనుకోకుంట ఉండడు. కని బాయిల సచ్చినోన్ని మంది మోసుకొస్తరు, పెండ్లాము మీద పడి ఏడుస్తది, గంత మన్ను పోస్తరు. తను ఈడ సస్తే గది గూడ లేదు. నాగవ్వ ఏమనుకుంటది? ఓ మాట అంటే మొగడు ఇల్లిడిసి పోయిండనుకుంటది. నాలుగు దినాలకు అనసూర్యకు ఫోన్ చేస్తది, రాలేదంటది, ఇగ ఆ నాటి సంది బతికినన్నేండ్లు గా ఒక్క మాటను నెత్తిన పెట్టుకొని తిరుగుతది. ఉప్పు తక్కువైందన్నట్టు అన్న మాట. దానికి ముండమోసిన దుక్కం గూడ ఉండది, మొగడున్న సుకం గూడ ఉండది. నేను నీ మాటకు పోలేదే అని చెప్పేటోడు ఎవడు లేడు. గది చెప్పడానికన్న తను బతకాలె. ఇంక వేరే ఏ దేనికి గాదు.

గా తలపు వచ్చినంక ఏడుపు ఆగింది. కూసోని ఆలోచన చేసిండు. పొద్దుగాల తను డ్యూటీకి రాకుంటే అలిగి చెల్లె ఇంటికి పోయిండనుకొని దశరథం దిగుతడు, తొవ్వ కూలింది సూస్తడు, పోయి చెప్తడు. కని తొందరపడి తీస్తరా? పోయిన వానకాలం గిట్లనే ఈ తొవ్వల్నే కొంత కూలింది. పంపు నడుస్తంది, పైన నీళ్లు పడుతున్నయి, నిమ్మలంగ తీయొచ్చని వారం దాటినంక తీసిన్రు. పంపు నడుస్తంది గదా సారు, తొందరేమున్నదని అన్నది ఎవలో గాదు, రాయమల్లే. ఆ వారం పైన ఒక్కడే కూసోని మస్తు ఖుషీగ గడిపిండు. గిప్పుడు అదే పంపు ఆయన పక్కన గుర్రుమనుకుంట, పైనున్నోళ్లకు అంత మంచిగనే ఉన్నదని చెప్తున్నది.

అంటే పంపు నడిచినంత సేపు ఎవలు రారు. పంపు ఆపితే నీళ్లు పెరుగుతయి, ముందు మునిగేది తనే. ఆపినా తొవ్వ తీసేసరికి ఎన్ని దినాలైతదో. పంపు ఖరాబైంది, సామాను తెప్పియ్యాలె అని కూసుంటే? రాయమల్లు నెత్తి పట్టుకున్నడు. పట్టుకున్నంక ఓ మనిషి యాదికొచ్చింది. ఎన్నడు యాదికొచ్చినా తిట్టుకునే మనిషి.

రిబ్కమ్మ. పంపు నీళ్లు పడే కాలువ పక్కన చెలుక ఆమెది. మెంతం కూర, పాలకూర, టమాట ఏస్తది. మిషనోళ్ల చర్చిల పాటలు పాడే గొంతు, మైకు లేకుంటనే ఊరంత ఇనవడుతది. నీళ్లు జర ఆగితే చాలు, కొంగు నడుముకు చెక్కి బాయి గేటు కాడికొచ్చి లొల్లి పెడతది. ఎవలు సముదాయించినా ఇనది. ఓసారి రాయమల్లు గేట్ల నుంచి బయటికొస్తుంటే వాడిపోయిన మెంతం కట్ట మొఖం మీద ఊపి, నీ పంపుల మన్నువడ అన్నది. ఆ నాటి సంది ఆయన ఆమెకు మైకమ్మ అని పేరు వెట్టిండు. ఆమె ఒర్రుడు ఇనవడితే ఎనుక గేటు నుంచి పోయేటోడు.

తొవ్వ కూలినంక అవతల ఉన్న పంపును ఆపేటోడు, మళ్ల నడిపేటోడు ఎవలు లేరు. అది ఆగి, నడిచి, మళ్ల ఆగి, మళ్ల నడిస్తే? ఖరాబైన పంపు ఆగితే ఆగే ఉంటది. గట్ల ఆట ఆడది. కని గది సూసేటోళ్లెవరు? ఆఫీసోళ్లు కాలువ కాడికి పోరు. పైపు మూతి కాడ నిలవడి నీళ్ల కోసం కండ్లల్ల ఒత్తులేసుకొని సూసేది ఈ లోకంల ఒక్క రిబ్కమ్మే. ఆమెకు అర్థం కావాల్నని గూడ లేదు. ఆమెకు కోపం వస్తే చాలు. తన పానం ఆ మైకమ్మ కోపం మీద ఉన్నదని రాయమల్లుకు నవ్వు గూడ వచ్చింది. నవ్వు నోట్లనే ఎండిపోయింది.

ఎందుకంటే ఆ దినం ఆదివారం. ఆదివారం రిబ్కమ్మ చెలుకకు రాదు. చర్చి, పాటలు, తర్వాత సంఘపోళ్ల ఇండ్లు. నీళ్లు పడ్డా ఎండినా ఆ దినం ముట్టదని ఊరంత ఎరుకే. తెల్లారేదాక ఆగాలె. లోపల తెల్లారింది ఎట్ల తెలుస్తది? టోపి లైటు అప్పటికే పచ్చవడ్డది. కొంచెం సేపటికి ఎర్రగైంది. ఆరిపోయింది.

బాయిల సీకటి బయటి సీకటి తీరు గాదు. కండ్లు తెరిచినా మూసినా ఒక్కటే. జర సేపటికి తన చెయ్యి తనకు ఉన్నదో లేదో తెల్వకుంట అయింది. మొఖం తడిమి సూసుకున్నడు. పంపు సప్పుడు ఒక్కటే ఆసర. దూప అయితే పాకుకుంట కిందికి పోయి ఆ బొగ్గు నీళ్లే తాగిండు. మిగిలిన సగం రొట్టెను ఎలుక తిన్నదో ఎటు పోయిందో, ఎంత తడిమినా దొరకలే. ఓ పారి నిద్రవట్టింది, లేస్తే ఎంత సేపు పన్నడో తెల్వలే. సోమవారం వచ్చి పోయిందేమో అని బుగులు వట్టింది.

అగో గప్పుడు మాటలు మొదలువెట్టిండు. ముందు పంపుతోని. తర్వాత నాగవ్వతోని. పెండ్లయిన నాటి సంది ఆమెతోని మాట్లాడని మాటలన్ని మాట్లాడిండు. నీ చెల్లె మొగడు మంచోడే కని ఊకె జాగల కొనుడు అమ్ముడు ముచ్చటే చెప్తడే, నాకు నిద్రొస్తది, అందుకే ఎనుకకు పోయిన అన్నడు. నువ్వు చేసిన పుంటికూర బాగుంటది, ఎన్నడు చెప్పలే అన్నడు. నువ్వు మాట్లాడుతుంటే ఇనవడనట్టు ఉంట గని ఇంటనే ఉంట అన్నడు. ఎవలు ఇంటలేరని తెలుసు. అయినా ఆగలే. ఆగితే తను గూడ ఆ సీకట్ల కలిసిపోతడేమో అనిపిచ్చింది. బతకాలె, బతకాలె అని మళ్ల మళ్ల అనుకున్నడు. గట్లనుకునుడు తప్ప చేసేటందుకు ఏం లేకుండె.

ఎంత సేపటికో భూమి కదిలింది. ఎక్కడో దూరంగ, బండల లోపలి నుంచి, ధన్నుమని ఓ సప్పుడు. తర్వాత ఇంకోటి. బొగ్గు పేలుస్తున్నరు. ప్లేడే నాడు పేల్చరు. అంటే సోమవారం, మొదటి షిఫ్టు నడుస్తంది. రాయమల్లు గోడ పట్టుకొని కిందికి దిగిండు, తడుముకుంట స్విచ్చు డబ్బా కాడికి పోయిండు. పంపు బందు చేసిండు.

పంపు ఆగంగనే ఇంత నిశ్శబ్దం ఉంటదని ఆయనకు తెల్వది. ఎన్నో ఏండ్ల సంది ఆడ కూసుంటున్నడు గని పంపు లేని సప్పుడు ఎన్నడు చెవి పెట్టి ఇనలే. నీళ్లు ఊరే సప్పుడు ఇనవడ్డది, నాలుక తోని సప్పరించినట్టు. పైపు మీద రాయితోని కొట్టిండు. కొట్టి చెవి పెట్టిండు. ఏం లేదు. నీళ్లు కాళ్లకు తగిలినయి, మోకాళ్లకు ఎక్కినయి. నడుము దాటితే స్విచ్చు డబ్బా తడుస్తది, తడిస్తే ఇగ పంపు నడువది, తను గూడ ఉండడు. నడుము దాక రాంగనే మళ్ల నడిపిండు. నీళ్లు దిగేదాక ఆగిండు. మళ్ల బందు చేసిండు. ఎన్నిసార్లు చేసిండో ఆయనకే తెల్వది. ఒక్కోసారి నీళ్లల్ల నిలవడి, రిబ్కమ్మా, రాయే తల్లీ, వచ్చి తిట్టిపోయే అని బతిమిలాడిండు. పైన ఆమె ఇంటికాడ పన్నదేమో, జరమొచ్చిందేమో, వేరే ఊరికి పోయిందేమో. ఏదైనా కావొచ్చు. ఆయన చేతుల స్విచ్చు తప్ప ఏం లేదు.

పైన ఏమైందో రాయమల్లుకు తర్వాత తెలిసింది. సోమవారం పొద్దుగాల మామ డ్యూటీకి రాకుంటే, అలిగి కాగజ్‌నగర్ పోయిండేమో అనుకున్నడు దశరథం. మామ బిళ్లను ఆదివారమే కిటికిల పెట్టొచ్చిండు. వేరే మనిషిని జోడికి ఏసుకొని దిగి, కూలిన తొవ్వ సూసిండు. మామ ఆదివారం అసలు పైకెక్కిండా అని గప్పుడు వానికి అనుమానమొచ్చింది. ఉరికొచ్చి పైకెక్కి, బిళ్ల సంగతి బయటవడుతదని ఎవలకు చెప్పకుంట నస్పూర్ పోయి నాగవ్వను అడిగిండు, అత్తా, మామ ఏడి అని. కాగజ్‌నగర్ పోయిండు, చెల్లె ఫోన్ల నుంచి ఇయ్యాల పొద్దుగాలనే మాట్లాడిండు అన్నది నాగవ్వ. మొఖం మీద చిన్న గీత గూడ రానియ్యకుంట అన్నది. దశరథం అమ్మయ్య అనుకొని బాయి కాడికి మర్లివచ్చిండు. పైన నీళ్లు పడుతున్నయి, తొవ్వ వారంల తీద్దమని ఆఫీసు సార్లు అన్నరు.

రిబ్కమ్మ మొదటిసారి నీళ్లు ఆగితే తిట్టుకున్నది. రెండోసారి కాలువల నిలవడి పైపు దిక్కు సూసింది. మూడోసారి, నాలుగోసారి, ఇగ ఊకోలే. సగం తడిసిన మడిని గట్లనే ఇడిసిపెట్టి గేటు కాడికొచ్చింది. రెండో షిఫ్టుకు మంది జమవుతున్న యాళ్ల. ఎవడాడు నా నీళ్లతోని ఆట ఆడుతుండు అని లొల్లి మొదలువెట్టింది. కావలాయన సముదాయించిండు. దశరథం గూడ ముందుకొచ్చి, అవ్వా, ఆ తొవ్వ కూలింది, పంపు కాడ ఎవలు లేరు, పోయేటందుకు గూడ లేదని చెప్పిండు.

"ఎవలు లేకుంటే ఆపుతున్నదెవలు, ఇడుస్తున్నదెవలు?" అన్నది రిబ్కమ్మ.

దశరథం చెప్పుల్లేకుంట, చెలుకల పడి పైపు కాడికి ఉరికిండు. ఎనుక మంది ఉరికిన్రు. ఇనుప పైపుకు చెవి ఆనిచ్చిండు. నీళ్లు ఆగినయి. ఆ పైపుల, కింది నుంచి, చిన్నగ రాయి సప్పుడు వస్తున్నది.

కింద రాయమల్లుకు పైపు మీద సుత్తె దెబ్బలు ఇనవడ్డయి. ముందు తన చెవులే మోసం చేస్తున్నయనుకున్నడు. తను రెండు కొట్టిండు. పై నుంచి రెండు పడ్డయి. మూడు కొట్టిండు. మూడు పడ్డయి. పంపు నడిపి, పైపును కావలించుకొని, ఆ తడి ఇనుముకు మొఖం ఆనిచ్చి నిలవడ్డడు. అటెనుక గంటలకు గంటలు తొవ్వ తీసిన్రు. తీసిన కొద్ది కూలింది, కట్టెలు పెట్టుకుంట మళ్ల తీసిన్రు. అప్పుడప్పుడు పైపు మీద కొట్టేటోళ్లు, ఉన్నవా అని అడిగినట్టు. ఆయన కొట్టేటోడు. ఓసారి సోయి తప్పి జవాబు చెప్పలే, గప్పుడు పైన మందంత మొఖాలు యాలాడేసిన్రట.

మంగళారం పొద్దుగాల ఆయనను బయటికి తెచ్చిన్రు. ఎలుగు పడకుంట కండ్లకు గుడ్డ కట్టిన్రు. అంబులెన్సు కాడ స్ట్రెచరు ఆపిన్రు, నాగవ్వ వచ్చిందని. ఆమె చెయ్యి వచ్చి ఆయన చెయ్యి మీద పడ్డది. గుడ్డ లోపల ఆయనకు ఏం కనవడలే, ఆ గాజుల చెయ్యి మాత్రం గుర్తువట్టిండు. రెండు దినాల సంది నోట్ల పెట్టుకున్న మాట చెప్పుదామని నోరు తెరిచేలోపే ఆమెనే చెప్పింది, చెవి కాడ వంగి, చిన్నగ.

"ఆదివారం పొద్దుగూకినంక అనసూర్యకు ఫోన్ చేసిన. రాలేదన్నది. నా మాటకు నువ్వు ఇడిసిపెట్టి పోయినవనుకున్న. మొగడు పోయిండని లైన్ల తెలుస్తదని సిగ్గయింది. దశరథం వచ్చి అడిగితే, ఫోన్ చేసినవని అబద్ధం చెప్పిన." ఇంక దగ్గరికి వంగి అడిగింది, "నిజం చెప్తే నిన్ననే తీస్తుండ్రి గదా?"

తీస్తుండ్రి. నిన్న పొద్దుగాల్నే మొదలువెడుతుండ్రి. ఆమెకు ఎరుకే, ఆయనకు ఎరుకే. కాదని చెప్పే ఓపిక ఆయనకు లేకుండె, అవునని చెప్పే మనసు రాలే. తను భయపడ్డది భయపడ్డట్టే అయింది. నాలుగు దినాలు గాదు, ఒక్క పొద్దుకే అయింది. ఆయన నీళ్లల్ల నిలవడి ఆమెతోని మాట్లాడుతుంటే, ఆమె ఇంట్ల తలుపు ఏసుకొని ఆయన పోయిండని ఏడ్సింది. ఇద్దరి నడుమ గంత మన్ను ఉండె.

మంది ఆగమాగం చేస్తున్నరు, డాక్టరు జల్ది చెయ్యమంటుండు. రాయమల్లు పెదవులు కదిపిండు. నాగవ్వ చెవి దగ్గరికి తెచ్చింది.

"నిన్ను ఇడిసి ఎటు పోతనే," అన్నడు. "తొవ్వ ఏడున్నది?"

నాగవ్వ గా మాట ఇని, అంబులెన్సు మెట్టు మీద కూసోని, కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది. ఎవలు లేపినా లేవలే.